పైసలిచ్చి కొన్న ఆట ఎటు పోయింది?

"చిన్నమ్మా! నా ఆటలన్నీ పోయినయి!"

పొద్దున్నే కోరుట్ల నుంచి ఫోను. పొయ్యి మీద పప్పుచారు పొంగడానికి సిద్ధంగా ఉంది. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోను. మా అక్క కొడుకు గొంతు విని హడలిపోయాను.

"ఏం పోయినయిరా? ఇంట్ల దొంగలు పడ్డరా?"

"దొంగలు గాదు చిన్నమ్మా. బాపు కొనిచ్చిన కంప్యూటర్ ఆటలు. లోపటికి పోనిస్తలేదు."

ఓస్, ఇంతేనా అనుకున్నాను. మీరూ అదే అనుకుని ఉంటారు. ఆటలు పోతే పోనీ, ఇకనైనా పుస్తకం పట్టుకుంటాడని లోలోపల సంతోషించాను కూడా! కానీ ఆదివారం జగిత్యాలలో బస్సెక్కి కోరుట్ల వెళ్ళి, అక్క పక్కన కూర్చుని సంగతంతా విన్నాక నాకు నవ్వు రాలేదు.

మా బావ పన్నెండేళ్ళు గల్ఫ్‌లో ఉన్నాడు. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు వాడకొకరైనా అలా వెళ్ళినవాళ్ళు ఉంటారు కనుక ఆ కష్టం గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. రెండేళ్ళకోసారి ఇంటికి వచ్చేవాడు. కొడుకు ఆరో తరగతిలో ఉన్నప్పుడు, ఇంటర్నెట్‌లో కంప్యూటర్ ఆటలు అమ్మే ఒక దుకాణంలో ఖాతా తెరిచాడు. పుట్టినరోజుకు ఒక ఆట, పరీక్ష పాసైతే ఒక ఆట. అట్టపెట్టె ఉండదు, పార్సిలు ఉండదు. అక్కడ పైసలు కడితే ఇక్కడ కంప్యూటర్‌లోకి ఆట దిగిపోతుంది. శుక్రవారం సెలవు రోజున వీడు ఇక్కడ ఆడుతుంటే, ఆయన అక్కడి గదిలో మంచం మీద కూర్చుని వీడియో కాల్‌లో చూసేవాడట. తండ్రీకొడుకుల ముచ్చట్లన్నీ ఆ ఆటల మీదనే.

మొత్తం 11 ఆటలు. అక్క బీడీల లెక్క రాసుకునే పుస్తకం వెనక పేజీలో కూడి చూపించింది, 14 వేల పైచిలుకు!

నిరుడు బావ అక్కడి పని మానుకుని ఇంటికి వచ్చేశాడు. మొన్న పాత కంప్యూటర్ చెడిపోయింది. కొత్తది తెచ్చి ఖాతా తెరవబోతే, "మీ నంబరుకు కోడ్ పంపాము, అది కొట్టండి" అని అడిగింది. ఏ నంబరుకు? బావ గల్ఫ్‌లో వాడిన నంబరుకు! రీఛార్జి లేక అది ఎప్పుడో ఆగిపోయింది. పోనీ మెయిల్‌కు పంపమందామంటే, ఆ మెయిల్ తెరిచి ఇచ్చింది అదే గదిలో ఉన్న ఇంకో అబ్బాయి. పాస్‌వర్డ్ ఏమిటో బావకు గుర్తులేదు.

"సందుక తాళంచెవి పోతే తాళం పలగ్గొట్టుకుంటం. దీనికి తాళం గూడ కనవడది గదనే!" అంది అక్క, తునికాకు కత్తిరిస్తూ. బావ మాత్రం ఏమీ అనలేదు. లేచి బయటికి వెళ్ళిపోయాడు.

కొన్నామనుకుంటాం... కౌలుకే!

పైసలు పెట్టి కొన్న వస్తువు మనది కాకుండా ఎట్లా పోతుంది? ఇదే నాకు అంతు పట్టలేదు. మా చిన్నతనంలో టీవీకి తగిలించుకుని ఆడే వీడియో గేమ్ ఉండేది, గుర్తుందా? మా తమ్ముడికి ఒక ఆట కేసెట్ కొనిస్తే మూడేళ్ళు ఆడాడు. దుమ్ము పట్టి ఆడకపోతే నోటితో ఉఫ్ అని ఊది మళ్ళీ పెట్టేవాడు. పక్కింటి పిల్లవాడికి ఇచ్చి వాడి కేసెట్ తెచ్చుకునేవాడు. అమ్మిన దుకాణం ఆ తర్వాత మూతపడింది. అయినా కేసెట్ మా ఇంట్లోనే ఉంది!

ఇప్పుడలా కాదు. ఇంటర్నెట్ దుకాణంలో పైసలు కడితే మన చేతికి వస్తువు రాదు. "ఈ మనిషి ఈ ఆట ఆడుకోవచ్చు" అని దుకాణంవాడి చిట్టాలో మన పేరు ఎక్కుతుంది, అంతే. దానినే లైసెన్స్ అంటారు. ఖాతా తెరిచేటప్పుడు చాంతాడంత రాత వస్తుంది కదా, చదవకుండా "అంగీకరిస్తున్నాను" మీద నొక్కేస్తామే, ఆ రాతలో ఉండేది ఇదే. పొలం కొన్నామనుకుని పైసలు కడతాం. చేతికి వచ్చేది కౌలు కాగితం! అందులోనూ గడువు ఎప్పటిదాకానో రాసి ఉండదు.

ఆ చిట్టాలో పేరు ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. కంప్యూటర్ మారినా, ఇల్లు మారినా ఆట మళ్ళీ దించుకోవచ్చు. ఆ సౌకర్యాన్ని తీసిపారేయలేం. కేసెట్ విరిగితే విరిగినట్టే కదా! కాకపోతే ఇక్కడ మూడు రకాలుగా చేయి జారుతుంది. ఆ పేరు మాదేనని మనం చూపించుకోలేకపోవచ్చు, మా బావకు జరిగినట్టు. దుకాణమో కంపెనీయో ఆటనే ఆపేయవచ్చు. లేదంటే సర్కారు వద్దనవచ్చు.

కంపెనీలు ఆపిన సంగతులు వింటే ఆశ్చర్యం వేస్తుంది. 2009 జూలైలో అమెరికాలో అమెజాన్ కంపెనీ కిండిల్ అనే పుస్తకాల యంత్రం నుంచి, జనం కొనుక్కున్న జార్జ్ ఆర్వెల్ నవలలను తనంత తానే తీసేసింది. వాటిని దుకాణంలో పెట్టినవారికి అమ్మే హక్కు లేదన్నది కారణం. పైసలు వాపసు ఇచ్చింది, ఆ తర్వాత క్షమాపణ కూడా చెప్పింది. కానీ ఆలోచించండి, రాత్రి చదువుతూ పక్కన పెట్టుకున్న పుస్తకం తెల్లారేసరికి లేకపోతే ఎలా ఉంటుంది!

ఆటల్లో పెద్ద గొడవ అయింది ‘ది క్రూ’ అనే కారు పందేల ఆట మీద. ఫ్రాన్స్‌కు చెందిన యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో దానిని విడుదల చేసింది. ఒక్కరే కూర్చుని ఆడుకోవాలన్నా కంపెనీ వాళ్ళ పెద్ద కంప్యూటర్లతో, అంటే సర్వర్లతో, కలిసి ఉండాల్సిందే. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేశారు. డిస్కు చేతిలో ఉన్నవాళ్ళకు కూడా ఆట లేదు! అప్పుడు మొదలైందే "ఆటలను చంపకండి" అనే ఉద్యమం. యూరప్ దేశాల్లో 2025 నాటికి 10 లక్షలకు పైగా జనం దానికి సంతకాలు పెట్టారు.

అందరూ ఒకేలా ఉంటారని కాదు. గూగుల్ ‘స్టేడియా’ అనే ఆటల దుకాణాన్ని 2023 జనవరి 18న మూసేసింది. మూసేముందు జనం ఆ దుకాణంలో కొన్న ఆటలకు పైసలు వాపసు ఇచ్చింది. ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చన్నమాట!

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంటర్నెట్ దుకాణంవాళ్ళు "కొనండి" అని ఊరికే రాయకూడదు, మీకు దొరికేది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. కంప్యూటర్ ఆటలు అమ్మేవాటిలో పెద్ద దుకాణమైన ‘స్టీమ్’ 2024 అక్టోబరులోనే పైసలు కట్టే చోట ఆ మాట రాసిపెట్టింది. మా అక్క కొడుకును అడిగితే, "ఆ రాత జూసిన గని, ఎవలు చదువుతరు చిన్నమ్మా?" అన్నాడు. నిజమే మరి, మందు సీసా మీద రాసింది మనం చదువుతున్నామా?

సిరిసిల్లలో కట్టుకోని గుడ్డలు

కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్ళాను. అక్కడ మా ఆడబిడ్డ ఉంది. సాంచాల చప్పుడులో ఫోను మాట్లాడితే వినపడదు, మనిషి ఎదురుగా వెళ్ళాల్సిందే. ఈ సంగతి చెప్పగానే, "మా వానికి ఇది అప్పుడే అయింది వదినె" అంది.

ఆమె చెప్పింది పబ్‌జీ సంగతి. 2020లో లాక్‌డౌన్ రోజులు. సాంచాలు ఆగిపోయాయి, బడులు మూసేశారు. పిల్లవాడు తమ్ముడితో, స్నేహితులతో కలిసి ఫోన్‌లో పబ్‌జీ ఆడేవాడు. ఆ ఆట ఉచితమే. కానీ అందులో బొమ్మకు తొడిగే కోటు, టోపీ, తుపాకీ మీది రంగు... వీటికి పైసలు. ఆటలో చెల్లే నాణేలను ‘యూసీ’ అంటారు, వాటిని మన రూపాయలు పెట్టి కొనాలి. ఒకసారి వంద, ఒకసారి నాలుగు వందలు. కండెలు చుట్టి ఆమె కూడబెట్టుకున్నదాంట్లోంచి మొత్తం మూడు వేలదాకా పోయిందట.

"గుడ్డలు నేసే ఊర్ల పుట్టి, కట్టుకోని గుడ్డలకు పైసలు పెడుతవారా అని తిట్టిన వదినె. కని, ఆని సోపతిగాళ్ళంత దాంట్లనే ఉండిరి. బయటికి పోనియ్యని రోజులాయె."

2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. వాటిలో పబ్‌జీ మొబైల్ ఒకటి. దేశ భద్రత, మన సమాచారం బయటికి పోవడం కారణాలుగా చెప్పింది. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్నది ఇక్కడి విషయం కాదు. చాలామంది తల్లులు ఆ రోజు పాయసం వండి ఉంటారు! అక్టోబరు 30న మన దేశంలో ఆట పూర్తిగా ఆగిపోయింది. కొన్న కోట్లూ టోపీలూ ఆటతోనే పోయాయి.

2021 జూలై 2న దక్షిణ కొరియాకు చెందిన క్రాఫ్టన్ కంపెనీ అదే ఆటను మన దేశం కోసం ‘బీజీఎంఐ’ పేరుతో తెచ్చింది. పాత ఖాతాలోని సామాను కొత్తదాంట్లోకి మార్చుకోవడానికి కొంత గడువిచ్చింది. మా మేనల్లుడికి తన ఫేస్‌బుక్ ఖాతా గుర్తుంది, వాడి సామాను వచ్చేసింది. వాడి స్నేహితుడు అన్న ఫోన్‌లో, అన్న ఖాతాతో ఆడాడు. అన్న సూరత్ వెళ్ళి నంబరు మార్చేశాడు. వాడికి మాత్రం ఏమీ రాలేదు. ఇద్దరూ పెట్టింది రూపాయలే, తేడా వచ్చింది ఖాతా దగ్గర.

అక్కడితో అయిపోలేదు. 2022 జూలై 28న బీజీఎంఐని కూడా గూగుల్, యాపిల్ దుకాణాల నుంచి తీసేశారు. 2023 మేలో మళ్ళీ వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ‘ఫ్రీ ఫైర్’ ఆటకూ నిషేధం పడింది. దాని జంట ఆట ‘ఫ్రీ ఫైర్ మ్యాక్స్’ నడుస్తూనే ఉంది కనుక పాత ఖాతా గుర్తున్న పిల్లలు అందులోకి మారారు. ఇంత అయోమయంలో పిల్లలే నయం, ఏది ఎటు పోయిందో వాళ్ళకు తెలుసు. పైసలిచ్చిన మనకే తెలియదు.

రమ్మీలాంటి పైసల పందేల ఆటలతో దీనిని కలపకండి. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లోనే నిషేధించారు. పైసలు కాసి ఆడే ఆటలన్నింటినీ ఆపుతూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. నేను చెప్పేది న్యాయంగా ధర కట్టి కొన్నవాటి గురించి.

నంబరు ఎవరిది? మెయిల్ ఎవరిది?

తిరిగి వచ్చాక మా ఇంటి చిట్టా పుస్తకంలో ఒక పేజీ కేటాయించాను. పాలు, చిట్టీలు, గ్యాస్ తర్వాత ఇప్పుడు ఇది. ఏ ఖాతా, ఏ నంబరు మీద, ఏ మెయిల్ మీద, ఎవరు తెరిచారు. పాస్‌వర్డ్ రాయలేదు, పుస్తకం పదిమంది చేతుల్లో పడుతుంది. అది వేరే కాగితం మీద రాసి బీరువాలో బంగారం పక్కన పెట్టాను. మావారు నవ్వారు. నవ్వనీ!

మీ ఇంట్లో ఎవరైనా గల్ఫ్‌లో ఉంటే ముందు ఆ నంబరు సంగతి చూడండి. అక్కడి సిమ్ అక్కడి గుర్తింపు కార్డు మీద ఉంటుంది. పని మానేసి ఇంటికి వచ్చాక అది ఎక్కువ కాలం నడవదు. కనుక విమానం ఎక్కకముందే, ఆ సిమ్ పనిచేస్తుండగానే, ప్రతి ఖాతాలోనూ పాత నంబరు తీసి ఇక్కడి నంబరు పెట్టించాలి. పది నిమిషాల పని. ఇక్కడికి వచ్చాక అదే పని నెలలు పడుతుంది. ఆటలకే కాదు, ఫోటోలకు, బ్యాంకుకు, అన్నింటికీ ఇదే లెక్క. మన దేశంలోనూ అంతే. ఆగిపోయిన నంబరును 90 రోజుల వరకు వేరేవాళ్ళకు ఇవ్వరు. ఆ తర్వాత అది ఎవరి చేతికైనా వెళ్ళవచ్చు. మన కోడ్ వాళ్ళ ఫోన్‌కు వెళుతుంది!

అక్కడి నుంచి పంపే బహుమతి కార్డులతోనూ జాగ్రత్త. గూగుల్ ప్లే కార్డు ఏ దేశంలో కొంటే ఆ దేశపు ఖాతాలోనే చెల్లుతుంది. ప్లేస్టేషన్ ఖాతా ఏ దేశం పేరుతో తెరిస్తే చివరిదాకా ఆ దేశమే, మార్చడానికి వీల్లేదు. "దుబాయిల కొంటె సస్తా" అని తొందరపడి కొనేముందు కొడుకు ఖాతా ఏ దేశానిదో అడగాలి.

కొన్నప్పుడు మెయిల్‌కు వచ్చే రసీదును చెత్త అని తీసేయకండి. చీర బిల్లు దాచుకున్నట్టే దాచుకోండి. ఖాతా మనదేనని చూపించడానికి అది చాలా పనికొస్తుంది. పిల్లల ఫోన్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా ప్లే స్టోర్‌లో పెట్టుకునే వీలుంది. అది పెట్టుకుంటే మూడు వేలదాకా పోయినాక తెలియడం అనేది ఉండదు.

ఇంటర్నెట్ లేకుండా ఆడుకునేలా, మన డిస్కులో దాచుకునేలా ఇచ్చే దుకాణాలు కూడా ఉన్నాయి. ‘జీఓజీ’ అనేది అలాంటిదే. ఆట ఫైలును దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే దుకాణం ఉన్నా లేకపోయినా మనది మన దగ్గర ఉంటుంది. అయితే పిల్లలు అడిగే ఆటలన్నీ అక్కడ దొరకవు.

పైసలు కట్టినా ఆట రాకపోయినా, చెప్పకుండా ఆపేసినా 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఫోను చేసేటప్పుడు పైసలు కట్టిన లావాదేవీ నంబరు చేతిలో ఉంచుకోండి.

ఒక మాట చెప్పడానికి మనసు రావడం లేదు, కానీ చెప్పాలి. మనిషి పోతే ఈ ఖాతాలు ఏమవుతాయి? స్టీమ్ వాళ్ళు 2024లో అడిగినవారికి స్పష్టంగానే చెప్పారు, వీలునామా రాసినా ఖాతాను ఇంకొకరికి బదిలీ చేయరట. ఆటలు పోతే పోయాయి. అదే మనిషి ఫోటోలు? రెండేళ్ళపాటు ఎవరూ తెరవని ఖాతాలను తీసేసే పద్ధతిని గూగుల్ 2023 డిసెంబరులో మొదలుపెట్టింది. అయితే అదే గూగుల్ ఖాతాలో, కొంతకాలం తెరవకపోతే ఎవరికి అందజేయాలో ముందే పేరు పెట్టుకునే ఏర్పాటు ఉంది. గల్ఫ్ నుంచి మనిషి బదులు పెట్టె వచ్చిన ఇళ్ళు మా వైపు ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఆ ఫోటోలకు ఏ లెక్క కడతాం?

మా బావ సంగతి ఏమైందంటారా? దుకాణంవాళ్ళకు రాస్తే, మొదటి కొనుగోలు రసీదు పంపమన్నారు. రసీదు మెయిల్‌లో ఉంది, మెయిల్ తెరుచుకోదు! చివరికి అక్కకే తట్టింది. బావ తెచ్చిన పెట్టె అడుగున, తువాళ్ళ మధ్య, అద్దం పగిలిన పాత ఫోను ఉంది. జగిత్యాల బస్టాండు దగ్గర ఒక దుకాణంలో 700 రూపాయలిచ్చి అద్దం వేయించాం. ఫోను వెలిగింది. ఆ మెయిల్ అందులో ఇంకా తెరిచే ఉంది!

రసీదు పంపాక పన్నెండు రోజులకు ఖాతా వచ్చింది. ఆ రోజు కూడా పొద్దున్నే ఫోను చేశాడు.

"తొమ్మిది ఆడుతున్నయి చిన్నమ్మా. రెండిటి పేర్లయితె ఉన్నయి గని తెరుసుకుంటలేవు. ఆటి సర్వర్లు బందు పెట్టిండ్రట."

వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. "ఆ రెండిటికి ఎంత పెట్టిండో అడుగు మీ బాపును."

బావ మాట వినపడలేదు. వాడు మాత్రం నెమ్మదిగా అన్నాడు, "అండ్ల ఒకటి ఆరో తరగతిల కొనిచ్చిందే చిన్నమ్మా. మొట్టమొదటిది."